పని ఉన్నట్టా, లేనట్టా? ఏటేటా వచ్చే ఉపాధి లెక్కలు

సోలాపూర్‌లో మనవాళ్ల ఇల్లొకటి అనుకుందాం. ఇంటాయన మరమగ్గం మీద తువ్వాళ్లు నేస్తాడు. ఇల్లాలు వంటపని ముగించుకుని, చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతుంది. ఆకూ పొగాకూ కంపెనీ ఇస్తుంది, వెయ్యి బీడీలకు ఇంత అని కూలి కడుతుంది. కొడుకు డిగ్రీ పూర్తిచేసి రెండేళ్లుగా ఉద్యోగం వెతుకుతున్నాడు. సర్వే మనిషి ఈ గడప తొక్కితే ఎంతమందికి పని ఉన్నట్టు రాసుకుంటాడు?

దేశంలో ఉపాధి లెక్కలకు ఇప్పుడు ఆధారం జాతీయ గణాంక కార్యాలయం 2017 ఏప్రిల్‌లో మొదలుపెట్టిన శ్రామిక శక్తి సర్వే. అంతకుముందు పెద్ద సర్వే సుమారు అయిదేళ్లకోసారి జరిగేది. చాలామంది ఎంప్లాయిమెంట్ ఎక్స్చేంజిలో పేర్లే నిరుద్యోగుల లెక్క అనుకుంటారు. అది కాదు. ఉద్యోగం దొరికినా కార్డు రెన్యూవల్ చేయించుకునేవాళ్లున్నారు, పని లేకపోయినా ఆ మెట్లెక్కనివాళ్లూ ఉన్నారు.

నిరుద్యోగ శాతం కట్టేది ఊళ్లో ఉన్న అందరి మీదా కాదు. వందమందిలో అరవైమంది పని చేస్తూనో, పని వెతుకుతూనో ఉన్నారనుకోండి. ఆ అరవైమందే శ్రామిక శక్తి. వాళ్లలో ముగ్గురికి పని దొరకలేదంటే నిరుద్యోగం 5 శాతం. ఆ ముగ్గురిలో ఇద్దరు విసిగిపోయి వెతకడం మానేశారనుకోండి. అప్పుడు యాభై ఎనిమిది మందిలో ఒక్కడే నిరుద్యోగి, శాతం రెండుకన్నా తక్కువకు పడిపోతుంది. కొత్తగా ఎవరికీ పని దొరకలేదు, కానీ అంకె మాత్రం బాగుపడింది! అందుకే నిరుద్యోగ శాతం చూసినప్పుడు పక్కనే ఉండే శ్రామిక భాగస్వామ్య శాతం కూడా చూడాలి.

ఇక పని అంటే ఏమిటి? ఏడాది లెక్కలో, ఎక్కువ కాలం ఖాళీగా ఉన్నా, నెల రోజులకు తగ్గకుండా ఏదో ఒక పని చేసినవాణ్ణి పనివాడిగానే రాస్తారు. వారం లెక్కలో అయితే, ఆ ఏడు రోజుల్లో ఒక్క గంట పని చేసినా చాలు. మన డిగ్రీ కుర్రవాడు మేనమామ కొట్లో నలభై రోజులు కూర్చున్నాడంటే, ఏడాది లెక్కలో వాడు నిరుద్యోగి కాదు.

ఇల్లాలి సంగతి ఇంకా విచిత్రం. ఆమెకు పని ఉన్నట్టే రాస్తారు, అది న్యాయమే. కానీ సరుకు తెచ్చుకుని ఇంట్లో చేసే ముక్కకూలి పనిని ఈ సర్వే స్వయం ఉపాధి కింద వేస్తుంది. ఆకు కంపెనీది, పొగాకు కంపెనీది, రేటు కంపెనీది, అయినా ఆమె సొంతంగా పని చేసుకుంటున్నట్టే లెక్క!

ఇది మనసులో పెట్టుకుని అంకెలు చూడండి. పదిహేనేళ్లు దాటినవారిలో నిరుద్యోగం 2017-18లో 6 శాతం, 2023-24లో 3.2 శాతం. స్త్రీల భాగస్వామ్యం 23 శాతం నుంచి దాదాపు 42కు పెరిగింది. సంతోషమే. అయితే అదే కాలంలో పనివాళ్లలో స్వయం ఉపాధివారి వాటా 52 నుంచి 58 శాతానికి పెరిగింది. నెల జీతం వారి వాటా మాత్రం పెరగలేదు. పనిచేసే స్త్రీలలో మూడోవంతుకు పైగా ఇంటి సేద్యంలోనో, ఇంటి కొట్టులోనో కూలి లేకుండా సాయపడేవారే. పని లేనివారు తగ్గారన్నది ఒక మాట, మంచి పని దొరికిందన్నది వేరే మాట. మొదటిది విని రెండోది నమ్మడం తొందరపాటని నా అభిప్రాయం.

సరిహద్దు జిల్లాలవారికి ఇంకో చిక్కు ఉంది. బరంపురం పక్క ఊరినుంచి సూరత్ మగ్గాలకు పోయి, ఏడాదిలో ఎక్కువ కాలం అక్కడే కాపురముండే మనిషి ఒడిశా లెక్కలోకి రాడు. సర్వేలో మాతృభాష అడగరు కనుక, హోసూరులోనో బళ్లారిలోనో తెలుగువారికి పని ఎలా ఉందో ఈ పట్టికలు విడిగా చెప్పవు. 2025 జనవరి నుంచి నెలనెలా అంకెలు వస్తున్నాయి, సర్వే పద్ధతీ మారింది. పాత జూలై-జూన్ లెక్కల పక్కన కొత్తవాటిని పెట్టి పెరిగింది, తగ్గింది అనేముందు కాస్త ఆగాలి.

సర్వే మనిషి మీ ఇంటికి వస్తే మాత్రం, ఆడవాళ్ల గురించి అడిగినప్పుడు "ఇంట్లోనే ఉంటుందండీ" అని తేల్చేయకండి. బీడీలు, పాలగేదె, మిషను కుట్టు, పూలు కట్టడం, ఏది చేస్తే అది, ఏడాదిలో ఎన్ని నెలలో కూడా చెప్పండి.