కొత్త సన్నవడ్లు: అడిగి తెలుసుకొని నాటుదాం
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



సన్నవడ్లకు ప్రభుత్వం క్వింటాలుకు 500 రూపాయల బోనస్ పెట్టినంక అందరం బీపీటీ దిక్కు చూస్తున్నం. కానీ బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, కోతకు రావాలంటే దగ్గర దగ్గర 5 నెలలు పడుతది. బావి అడుగంటితే ఆఖరి తడులకే కష్టం.

అందుకే ఈ ముచ్చట మీ ముందు పెడుతున్నం. 2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి ఢిల్లీల రెండు కొత్త వరి రకాలను ప్రకటించిండ్రు. అందుల 'కమల' రకాన్ని హైదరాబాద్ రాజేంద్రనగర్‌ల ఉన్న వరి పరిశోధన సంస్థ మన సాంబ మసూరి నుండే తయారు చేసింది. 15-20 రోజులు ముందే కోతకు వస్తదని, కంకికి గింజలు ఎక్కువ పడుతయని శాస్త్రవేత్తలు చెప్తున్నరు. రెండోది ఢిల్లీ పూసా సంస్థ ఎంటీయూ 1010 నుండి చేసింది. అది చౌడును, నీటి ఎద్దడిని తట్టుకునేటందుకు.

ఇది బీటీ పత్తి లాంటిదేనా అని చాలామంది అడుగుతున్నరు. బీటీ పత్తిల బయటి సూక్ష్మజీవి జన్యువు పెట్టిండ్రు. కమలల అట్ల బయటి జన్యువు లేదు. మగ్గం మీది బట్టల ఒక్క పోగును వెతికి కత్తిరించినట్టు, గింజలు ఎక్కువ పట్టకుండ ఆపే జన్యువునే సరిచేసిండ్రు. ఈ పద్ధతి పేరు క్రిస్పర్. దీన్ని కనిపెట్టిన ఇద్దరు ఆడ శాస్త్రవేత్తలకు 2020ల నోబెల్ బహుమతి వచ్చింది.

బయటి జన్యువు లేని ఇసొంటి పంటలకు 2022ల కేంద్రం జన్యుమార్పిడి పంటల కఠిన నిబంధనల నుండి సడలింపు ఇచ్చింది. ఇంకా పరీక్షలు చేయాలని కొందరు అంటున్నరు. ఈ కత్తెర మీద పేటెంట్లు విదేశాల వాళ్ల చేతుల ఉన్నయి, రేపు విత్తనం మీద హక్కు ఎవరిదని కూడా అడుగుతున్నరు. ఆ ప్రశ్న మనది కూడా. పండిన వడ్లల నుండి విత్తనం దాచుకునే హక్కు 2001 చట్టం రైతుకు ఇచ్చింది. దాన్ని పోగొట్టుకోవద్దు.

కాబట్టి 'కమల' అని ఎవరన్నా సంచి తెస్తే ట్యాగు, బిల్లు లేకుండ తీసుకోవద్దు. ముందు పొలాస పరిశోధన కేంద్రంల అడుగుదాం: మన నేలకు సరిపోతదా? తెగుళ్లకు ఆగుతదా? విత్తనం దాచుకోవచ్చునా? బాగుందంటే కూడా మొదలు ఒక్క మడిల వేసి చూద్దాం. నాటేది మనం, కలుపు తీసేది మనం, కొనుగోలు కేంద్రంల తూకం వేసేది మనం. విత్తనం మీద మాట కూడా మనదే కావాలె.