ఆగి ఆగి నడిచే పాల వ్యాను: లోపం కనిపెట్టే పద్ధతి

(పాల సంఘాల శిక్షణ తరగతిలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



సంఘాల లెక్కలు తనిఖీ చేసేటప్పుడు మేము పాల రిజిస్టరును, రిపేరు వోచర్లను పక్కపక్కన పెట్టి చూస్తాము. పాత వ్యాను తిరిగే రూటులో చాలాసార్లు రిపేరు బిల్లులు పెరిగిన నెలలోనే పులిసిన పాల లెక్క కూడా పెరిగి ఉంటుంది. రెండు విధాలా నష్టపోయేది పాలు పోసిన సభ్యులే.

పితికిన పాలు పశువు ఒంటి వేడితోనే కేనులో పడతాయి. వాటిని త్వరగా 4 డిగ్రీలకు చల్లబరచాలి. నిండిన 40 లీటర్ల కేన్లు ఎండలో దారి మధ్య నిలిచిపోతే పాలు పులియక ఏమవుతాయి?

పూర్తిగా చెడిన ఇంజనులో లోపం దొరుకుతుంది. ఆగిపోయి, పావుగంట తరువాత ఏమీ ఎరగనట్లు నడిచే ఇంజనుతోనే చిక్కు. షెడ్డుకు తీసుకుపోతే చక్కగా నడుస్తుంది. అప్పుడు ఊహ మీద ఒక్కొక్క సామాను మార్చడం మొదలవుతుంది.

ఒక సంఘంలో ఇట్లాగే డీజిలు పంపు బాగుచేయించారు, నాజిళ్లు మార్చారు. వ్యాను మళ్లీ ఆగింది. డ్రైవరే డీజిలు కాజేస్తున్నాడని అతన్ని మాన్పించే తీర్మానం రాశారు. చివరకు చూస్తే టాంకు మూతలోని గాలి బెజ్జం దుమ్ముతో పూడిపోయి ఉన్నది. డీజిలు తగ్గేకొద్దీ టాంకులోకి గాలి పోవాలి. పోకపోతే పంపు డీజిలు లాగలేదు. బండి ఆగిన తరువాత గాలి మెల్లగా చేరుతుంది, ఇంజను మళ్లీ అందుకుంటుంది. సన్నని తీగతో బెజ్జం శుభ్రం చేస్తే సరిపోయింది. తీర్మానం రద్దయింది.

కంప్యూటరు లేని పాత డీజిలు వ్యాన్లకు ఈ పద్ధతి పాటించండి.

మొదట, బండి ఎలా ఆగిందో చూడండి. తాళం తీసినట్లు టక్కున ఆగితే, అందులోనూ గతుకుల్లో ఆగితే, వైర్లను అనుమానించాలి. పంపు మీద స్టాప్ సోలినాయిడ్ ఉంటే దాని వైరు, ఎర్తు కనెక్షను వదులయ్యాయేమో చూడాలి. ముక్కుతూ, బలం తగ్గుతూ ఆగితే సాధారణంగా డీజిలు అందడం లేదని అర్థం.

రెండవది, ఆగిన వెంటనే టాంకు మూత వదులు చేయండి. బుస్సుమని గాలి లోపలికి పోయి బండి నడిస్తే లోపం మూతలోనే ఉన్నది. టాంకులో డీజిలు తక్కువైనప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు ఆగితే పైపులోకి గాలి దూరుతుండవచ్చు. పగిలిన రబ్బరు హోసు, అరిగిన రాగి వాషర్లు చూడాలి. గాలి దూరే చోట డీజిలు కారకపోవచ్చు. హ్యాండ్ ప్రైమరుతో గాలి తీస్తే నడిచి, కొంత దూరం పోయి మళ్లీ ఆగితే అనుమానం బలపడుతుంది. ఫిల్టరు అడుగు మర వదులు చేసి గాజు సీసాలో పట్టండి. నీరుంటే అడుగున విడిగా నిలుస్తుంది. నల్లని పొగతో బలం తగ్గితే గాలి ఫిల్టరు చూడండి. ఈ పనులప్పుడు దగ్గర బీడీ, అగ్గిపుల్ల ఉండరాదు. వేడి ఇంజను మీద రేడియేటరు మూత తీయరాదు.

మూడవది, ఒకసారి ఒక్కటే మార్చండి. నాలుగూ ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగయిందో తెలియదు.

వీటన్నిటికీ ఆధారం లాగుబుక్కు. తేదీ, వేళ, ఆగిన చోటు, అప్పటికి నడిచిన కిలోమీటర్లు, టాంకులో డీజిలు, పొగ రంగు, మళ్లీ నడవడానికి పట్టిన సమయం డ్రైవరు రాయాలి. రాయడం రాకపోతే చెప్పించుకొని కార్యదర్శి రాయాలి. నాలుగైదుసార్లు రాస్తే మెకానిక్‌కు దారి దొరుకుతుంది, డ్రైవరు మీద అపనింద పడదు.

రిపేరు బిల్లు వచ్చినప్పుడు పాలకవర్గం ఆ పుటను, తీసిన పాత సామానును చూసిన తరువాతే మంజూరు చేయాలి. వచ్చే తనిఖీలో మేము వోచర్లతోపాటు లాగుబుక్కు కూడా అడుగుతాము. సిద్ధంగా ఉంచవలసిందిగా కోరుతున్నాము.