త్రాడు నిలిచెను, పూత మరుగయ్యెను
(వాడిపట్టి తెలుగువారి సభలో చేసిన ప్రసంగము)



మేము వర్తకులము, పశువైద్యమున పండితులము కాము. అయినను మా తాతలనాటి కొట్టములో విన్నవియు కన్నవియు కొన్ని మీకు మనవి చేయదలచితిమి.

కనుమనాడు కాకియైనను కదలదని మన పెద్దల మాట. ఆనాడు ప్రయాణము కీడని భయపెట్టిరి. ఆ భయమువలన మేలెవరికి? ఏడాది పొడుగున కాడి మోసిన యెద్దులకు! వానికి ఆనాడు బండి లేదు, మడక లేదు. స్నానము, కొమ్ములకు రంగు, మెడకు పూలదండ, నోటికి పొంగలి. సాయంకాలము దిష్టికని వేపాకు పొగ వేసెడివారు. దిష్టి మాట యెట్లున్నను దోమలు పోయెడివి. ఇట్టి నమ్మకములలో పశువునకు మేలే గలదు.

అన్నియు నట్టివి కావు. ముసరవ్యాధికి మందలు కూలినపుడు అమ్మవారి కోపమని జాతరలు చేసిరి. దానిని తుదముట్టించినది టీకా. మన దేశము 2006లోను, ప్రపంచము 2011లోను ఆ వ్యాధినుండి విముక్తి పొందెను.

మా యింటి తప్పు నొకటి చెప్పెదము. కొన్ని యేండ్ల క్రిందట మా కర్రియావునకు పొదుగు వాచెను. దిష్టియని నల్లత్రాడు కట్టి, మిరపకాయలు దిగదుడిచి, మూడు దినములు గడపితిమి. వైద్యుడు వచ్చునప్పటికి ఒక చన్ను చెడిపోయెను. దూడ ఆ చన్ను పట్టి, పాలు రాక విడుచుట చూచి మేము పడిన సిగ్గు నేటికిని తీరలేదు.

ఆ వాపునకు మందు మన పెరటిలోనే గలదు. కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, సున్నము 15 గ్రాములు చేర్చి నూరవలెను. పాలు పూర్తిగా పిండి, పొదుగు కడిగి, ఆ ముద్దను నీట పలుచన చేసి దినమునకు పదిమారుల వరకు పూయవలెను. తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయము వారు పరిశోధించిన యీ పూతను జాతీయ పాడి అభివృద్ధి సంస్థ వారును రైతులకు బోధించుచున్నారు. అయినను వైద్యుని పిలుచుటలో ఆలస్యము తగదు.

ఇట్టి పూతనే మా అవ్వ చేసెడిదని మా తల్లి పిమ్మట చెప్పెను. మేము ఆమెను అడిగి యెరుగము. త్రాడును జ్ఞాపకముంచుకొంటిమి, పూతను మరచితిమి!

కనుమనాడు పాలమేడులోను, మరునాడు అలంగానల్లూరులోను జల్లికట్టు చూడ మనమందరము పోవుదుము. పోవుటకు ముందు ఇంటి ముసలివారి చెంత గడియసేపు కూర్చుండుడు. వారెరిగిన మందులను, కర్రి, బొల్లి, పుల్ల, మైల యను పసుల పేర్లను వ్రాసి సంఘమునకు తెండు. తెలుగు లిపి రాని బిడ్డలు తమిళ లిపిలోనే మన మాటలు వ్రాయుదురు గాక. పొల్లు చెరిగి గింజను దాచుకొందము.