రాత్రి ఫలహారానికి కారపు వాఫిల్

(సంఘ సమావేశంలో మహిళా సభ్యుల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామంది ఇళ్ళలో ఇప్పుడు ఇద్దరే ఉంటున్నారు. కొందరు ఒంటరిగానే ఉంటున్నారు. పగలు ఎలాగో వంట సాగిపోతుంది. రాత్రయ్యేసరికి "ఈ పూటకి ఏం వండుతాంలే" అని రెండు బిస్కెట్లతో సరిపెట్టేస్తాము. మధుమేహానికి ఇన్సులిన్ గాని, కొన్ని రకాల మాత్రలు గాని వాడేవారు ఇలా భోజనం మానేస్తే రాత్రివేళ రక్తంలో చక్కెర బాగా పడిపోయే ప్రమాదం ఉంది. కనుక తేలికగా అయ్యే ఒక వంటకం గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

అమెరికాలో పిల్లల దగ్గరకు వెళ్ళివచ్చినవారు వాఫిల్ చూసే ఉంటారు. గళ్ళు గళ్ళుగా అచ్చు పడిన రొట్టె అది. తీపి పాకం పోసి ఇస్తారు కాబట్టి పిల్లల తిండి అనుకుంటాము. కాని అక్కడే పెన్సిల్వేనియాలో స్థిరపడిన జర్మన్ సంతతివారు ఉడికించిన కోడిమాంసం, దాని గ్రేవీ వేసుకుని వాఫిల్‌ను భోజనంగానే తింటూ వచ్చారు. ఐరోపాలో వందల ఏళ్ళనాడే పొడుగు పిడులున్న రెండు ఇనుప పలకల మధ్య పిండి పోసి నిప్పుమీద కాల్చేవారు. 1869లో న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ నివాసి కార్నీలియస్ స్వార్టౌట్ పొయ్యిమీద వాడే వాఫిల్ పెనానికి పేటెంటు పొందారు. కరెంటుతో పనిచేసేవి ఇప్పుడు మన ఊళ్ళలోనూ దొరుకుతున్నాయి.

ఆలోచిస్తే ఇది మన దిబ్బరొట్టెకు చుట్టమే. దిబ్బరొట్టెను మూకుట్లో మూతపెట్టి సన్నసెగన చాలాసేపు కాల్చాలి. వాఫిల్‌కు రెండువైపులా ఒకేసారి వేడి తగులుతుంది కనుక తిరగవేసే పని లేదు, నూనె కొద్దిగా చాలు.

ఇద్దరికి ఒక గ్లాసు పొట్టు పెసరపప్పు 3, 4 గంటలు నానబెట్టి, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర, ఉప్పు వేసి కాస్త గట్టిగా రుబ్బండి. రెండు చెంచాల బియ్యప్పిండి కలిపితే కరకరలాడుతుంది. సన్నగా తరిగిన ఉల్లిపాయ, తురిమిన కారెట్, కొంచెం ఆకుకూర కలపండి. పలకలకు నూనె రాసి, బాగా వేడెక్కాక గరిటెడు పిండి పోసి మూయండి. ఆవిరి జోరుగా వస్తున్నంతసేపూ తెరవకండి, తెరిస్తే రొట్టె రెండుగా చీలిపోతుంది. ఆవిరి తగ్గాక చక్కగా ఊడివస్తుంది.

కట్టుడు పళ్ళవారు పప్పుచారు పోసుకుని కాసేపు ఆగండి. గళ్ళలో చారు నిలిచి మెత్తబడుతుంది. రక్తపోటు ఉన్నవారు ఆవకాయ జోలికి పోక, ఉప్పు తగ్గించిన పెరుగుపచ్చడి వేసుకోండి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు పప్పు ఎంత తినవచ్చో డాక్టరుగారిని అడగండి.

దీనికోసం యంత్రం కొనమని నేను చెప్పటం లేదు. పిల్లలు తెచ్చినది అటకమీద ఉంటే దించండి. లేకపోతే అదే పిండితో పెనంమీద మందంగా రొట్టె వేసుకోండి. ఏదైనా సరే, రాత్రి వేళకు వేడిగా తినాలి. ఒంటరిగా ఉన్న సభ్యులు దగ్గరలో ఉన్న మరో సభ్యుణ్ణి పిలవండి. గ్లాసు పప్పు ఇద్దరికి సరిపోతుందని ముందే మనవి చేశాను కదా.