ఎండకు గొడుగు – ఓజోన్ పొర



1991 జూన్‌లో ఫిలిప్పీన్స్ దేశంలోని పినటూబో అగ్నిపర్వతం బద్దలైనది. సుమారు ఒకటిన్నర కోటి టన్నులకు తక్కువ కాని సల్ఫర్ డయాక్సైడ్ స్ట్రాటో ఆవరణానికి చేరినది. అక్కడ అది గంధకామ్లపు సూక్ష్మ బిందువులుగా మారి, భూగోళమంతటా వ్యాపించి, సూర్యరశ్మిలో కొంత భాగాన్ని అంతరిక్షానికే మళ్ళించినది. మరుసటి ఏడు భూమి సగటు ఉష్ణోగ్రత దాదాపు అర డిగ్రీ సెల్సియస్ తగ్గినది.

అగ్నిపర్వతం చేసిన పనిని మానవుడే పూనుకొని చేసిన భూతాపం తగ్గదా? ఓజోన్‌పై కృషికి 1995లో నోబెల్ బహుమతిని పంచుకున్న పాల్ క్రూట్జెన్, ఈ ఆలోచనను పరిశోధించవలసినదేనని 2006లో వాదించారు. అయితే ఉద్గారాలను తగ్గించడమే మేలైన మార్గమని కూడా ఆయన స్పష్టం చేశారు.

పినటూబో నేర్పిన రెండవ పాఠం మరువరానిది. 1992లో భూగోళపు సగటు ఓజోన్ పరిమాణం అంతవరకు కొలిచిన వాటిలో అత్యల్ప స్థాయికి పడిపోయినది. శీతల యంత్రాలలో వాడిన క్లోరోఫ్లోరోకార్బన్ల నుండి వెలువడిన క్లోరిన్, పైఆవరణంలో చాలవరకు హాని చేయని సమ్మేళనాలుగా అణగి ఉంటుంది. గంధకామ్ల బిందువుల ఉపరితలంపై, ముఖ్యంగా అతిశీతల ప్రాంతాలలో, జరిగే చర్యలు ఆ క్లోరిన్‌ను విడిపిస్తాయి. విడివడిన ఒక్కొక్క క్లోరిన్ పరమాణువు వేలాది ఓజోన్ అణువులను ధ్వంసం చేయగలదు. అనగా బిందువులు స్వయంగా ఓజోన్‌ను హరించవు. నిద్రించే శత్రువును మేల్కొల్పుతాయి. పైగా అవి వేడిని గ్రహించి, అక్కడి గాలుల గమనాన్ని, తద్వారా ఓజోన్ పంపిణీని మార్చగలవు.

గంధకానికి బదులు సున్నపురాయిలోని కాల్షియం కార్బొనేట్ వాడవచ్చునని హార్వర్డ్ శాస్త్రజ్ఞులు 2016లో ప్రతిపాదించారు. అది ఆమ్లాలను తటస్థపరచి ఓజోన్‌కు మేలే చేయవచ్చునని వారి గణనలు సూచించాయి. కాని బెలూన్‌తో తలపెట్టిన చిన్న ప్రయోగం సైతం జరుగకుండానే 2024లో విరమింపబడినది. గణనను ఆకాశంలో సరిచూడనిదే దానిని సత్యమని నమ్మరాదు.

1987 నాటి మాంట్రియల్ ఒడంబడిక ఫలితంగా క్లోరిన్ క్రమంగా తగ్గుతున్నది. అంటార్కిటికాపై ఓజోన్ పొర 2066 ప్రాంతానికి 1980 నాటి స్థితికి చేరగలదని 2022 నాటి అంతర్జాతీయ అంచనా. క్లోరిన్ ఇంకను మిగిలియుండగా గంధకపు గొడుగు విప్పిన, ఆ కోలుకొనుట ఆలస్యం కాగలదు. ఆ బిందువులు ఒకటి రెండేళ్ళలో రాలిపోతాయి గనుక ఏటేటా చల్లుతూనే ఉండవలె. హఠాత్తుగా మానిన, అణగియున్న వేడి వేగంగా తిరిగివచ్చును.

నేడు ఈ పాఠశాలలో ఐదవ తరగతి చదివే పిల్లలు 2066 నాటికి యాభై యేళ్ళ వయస్సు వారగుదురు. వారి నెత్తిపై కప్పును నిలిపినది దేశాలన్నీ కలిసి నిలుపుకొన్న ఒక్క మాట. ఎండకు గొడుగు వెదకువారు ఆ కప్పును చింపకుండ చూడవలె. అంతకుముందే పొయ్యి మంట తగ్గించవలె.