సైకిలు కొనే ముందు పళ్లు లెక్కపెట్టండి

(స్త్రీల రేడియో కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఆడవాళ్ల కార్యక్రమంలో సైకిలు సంగతేమిటి, అది మగవాళ్ల బేరం గదా అని మీలో కొందరు నవ్వుకుంటూ ఉండవచ్చు. నేనూ అలాగే అనుకునేదాన్ని. వంకాయలు ఏరి కొనడం వచ్చు, కందిపప్పు నాణ్యం చూడడం వచ్చు. సైకిలు దగ్గరికి వచ్చేసరికి మాత్రం దుకాణదారు ఏది చూపిస్తే అదే. ఆ తెలియనితనం వల్ల మా ఇంట్లో ఒక పిల్ల చదువు ఆగిపోయేంత పని అయింది. ఆ ముచ్చట చెప్పుకోవడానికే ఇవాళ మీ ముందుకు వచ్చాను.

మా పుట్టిల్లు కోస్గి. మా చిన్నతనంలో మహబూబ్‌నగర్ జిల్లా. 2019లో నారాయణపేట జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చింది. మా చెల్లెలిని అక్కడికి ఐదు కిలోమీటర్ల దూరంలోని పల్లెలో ఇచ్చాం. దాని కూతురు పదో తరగతి ప్యాసై కోస్గిలో ఇంటరులో చేరింది. బస్సు వేళలు, కాలేజీ వేళలు కుదరవు. "చదివింది చాలు, సంబంధాలు చూద్దాం" అన్నారు ఇంటి పెద్దలు. "సైకిలుంటే నేనే పోతా పెద్దమ్మా" అని పిల్ల నాకు ఫోను చేసింది.

మా నాయన తొక్కిన 28 అంగుళాల పాత సైకిలు ఇంట్లో అట్లాగే ఉంది. ఫ్రేము గట్టిది. కొత్త సామాను వేయిస్తే చాలునని నేను పట్నంలో ఒక దుకాణానికి పోయాను. "ముందు చక్రం ఎంత పెద్దదైతే అంత స్పీడమ్మా" అన్నారు. పెడళ్ల దగ్గర ఉండే చైన్‌వీలు 48 పళ్లది, వెనక ఫ్రీవీలు 16 పళ్లది కొని పంపాను. సైకిలు తళతళలాడిపోతోందంటే ఎంత మురిసిపోయానో!

పది రోజులు తిరక్కుండానే పిల్ల దాన్ని మూలన పెట్టింది. మా వైపు నేల ఎగుడు దిగుడు. చెరువుకట్ట ఎక్కేచోట దిగి తోసుకుంటూ పోయేదట. ఆషాఢమాసపు పడమటిగాలి ఎదురుకొట్టిందంటే పెడలు దిగేది కాదట. మోకాళ్లు పట్టేశాయి. "ఆడపిల్లకు సైకిలేమిటని మేం ముందే చెప్పలేదా?" అని ఇంట్లో మళ్లీ సంబంధాల మాట మొదలైంది.

ఆ ఆదివారమే నేను బస్సెక్కి వెళ్లి, ఇద్దరం కలిసి సైకిలును కోస్గిలో ఒక ముసలి మిస్త్రీ దగ్గరికి నడిపించుకుపోయాం. ఆయన పాన చేతపట్టక ముందే పళ్లు లెక్కపెట్టాడు. "సైకిల్ మంచిగనే ఉన్నది బిడ్డా, లెక్కనే తప్పింది. పోరి సైకిలు తొక్కాలె గని, సైకిలు పోరిని తొక్కొద్దు" అన్నాడు.

ఆ లెక్క ఏమిటో మన భాషలో చెబుతాను. బావిలో పెద్ద బొక్కెన వేస్తే ఒక్కసారికే ఎక్కువ నీళ్లు వస్తాయి. కాని చేదే చేతులు ఓర్చుకోవాలి గదా? చిన్న బొక్కెనతో నాలుగుసార్లు ఎక్కువ చేదినా అవే నీళ్లు, రెక్కలు మాత్రం పడిపోవు. సైకిలూ అంతే. ముందు పళ్లను వెనక పళ్లతో భాగించండి. 48ని 16తో భాగిస్తే 3. అంటే పెడలు ఒక్క చుట్టు తిరిగితే వెనక చక్రం మూడు చుట్లు తిరుగుతుంది. 28 అంగుళాల చక్రం ఒక చుట్టుకు సుమారు 2 మీటర్ల 20 సెంటీమీటర్లు పోతుంది. కాబట్టి ఒక్క తొక్కుడుకు 6.6 మీటర్లు! చదును రోడ్డు మీద వస్తాదుకు బాగుంటుందేమో గాని, పుస్తకాల సంచితో మిట్ట ఎక్కే పదహారేళ్ల పిల్లకు అది పెద్ద బొక్కెన.

మిస్త్రీ ముందు 44, వెనక 20 వేశాడు. ఇప్పుడు 2.2 చుట్లు, అంటే సుమారు 4.8 మీటర్లు. మరి ఆలస్యం కాదా అని అడిగాను. నిమిషానికి యాభైసార్లు తీరిగ్గా తొక్కినా గంటకు 14 కిలోమీటర్ల పైన పోతుంది. ఐదు కిలోమీటర్లకు ఇరవై, ఇరవై ఒక్క నిమిషాలు. ఇంకో తమాషా చూడండి. 48, 16 కలిపితే 64. 44, 20 కలిపినా 64. అంచేత చైను మార్చనక్కరలేకపోయింది. వెనక చక్రాన్ని కాస్త జరిపి బిగిస్తే సరిపోయింది.

గేర్ల సైకిలైతే మిట్టకొకటి, పల్లానికొకటి మార్చుకోవచ్చు. ఒక్క గేరు సైకిలుకు ఆ వీలు లేదు. అందుకే దారిలో సులువైన చోటు చూసి కాదు, కష్టమైన చోటు చూసి ఎంచుకోవాలి. దుకాణాల్లో ఎక్కువగా 44కు 18, 48కి 18 జతలు కనబడతాయి. దారి చదునైతే 44-18 చాలు. మిట్టలుంటే 20. వెనక బరువు కూడా వేస్తే 22.

ఇక సామాను కొనేటప్పుడు గుర్తుంచుకోవలసినవి చెబుతాను. ఈ సైకిళ్ల చైను వెడల్పుగా ఉంటుంది, గేర్ల సైకిలు చైను సన్నం. ఆ సన్న చైను ఈ వెడల్పు పళ్లకు కుదరదు. ముందు, వెనక పళ్లు ఒకే వరుసలో ఉన్నాయో లేదో వెనకనుంచి వంగి చూడండి. వంకరగా ఉంటే చైను ఊడుతుంది. చైను మధ్యలో వేలితో ఎత్తితే అర అంగుళం ఆడాలి. రిమ్ము కొనబోయే ముందు హబ్బుకు పుల్లల రంధ్రాలు ఎన్నున్నాయో లెక్కపెట్టుకోండి. పాత సైకిళ్లకు ముందు 32, వెనక 40 ఉంటాయి. టైరు మీద 26 అని ఉన్నంత మాత్రాన సరిపోదు. 26 × 1⅜ టైరు 26 × 1.75 రిమ్ముకు పట్టదు. అంకె మొత్తం కాగితం మీద రాసుకుపోండి. ఎడమ పెడలు మర ఎదురుగా ఉంటుంది. తెలియక బలంగా తిప్పితే మర పోతుంది.

డబ్బు పొదుపు చేయదలిస్తే స్టాండులో, బెల్లులో చేయండి గాని, బ్రేకుల్లో చేయకండి. ముందూ వెనకా రెండూ ఉండాలి. వానలో ఇనుప రిమ్ము మీద బ్రేకు జారుతుంది, ముందుగానే పట్టాలని పిల్లకు చెప్పండి. చైను కవరు తప్పనిసరి. చున్నీ నడుముకు కట్టుకోవాలి.

ఫ్రేము ఆడవాళ్లదే కావాలా అంటే, తొక్కేవాళ్ల వీలు చూడాలి గాని పేరు కాదు. 1990లలో తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమంతో పాటు సైకిలు కూడా నేర్పితే, లక్షమందికి పైగా పల్లె స్త్రీలు నేర్చుకున్నారు. మగవాళ్ల సైకిలే మేలన్న తల్లులూ ఉన్నారట, ముందు కడ్డీ మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చని! పాత్రికేయులు పి. సాయినాథ్ గారు దీన్ని గురించి రాశారు. మా పిల్లకు మాత్రం నేలకు కాలు అందేలా సీటు దించితే చాలింది.

ఆ మర్నాడు పొద్దున పిల్ల బయలుదేరుతుంటే నేను చెరువుకట్ట దాకా ముందే నడిచిపోయి నిలబడ్డాను. నా గుండె దడదడలాడుతూనే ఉంది. మిట్ట దగ్గర సీటు మీదనుంచి కొంచెం లేచింది, నాలుగు తొక్కులు తొక్కింది, దిగకుండానే పైకెక్కింది. వెనక్కి చూడనైనా చూడలేదు. ఇప్పుడు రెండో సంవత్సరం చదువుతోంది. సంబంధాల మాట ఇంట్లో పూర్తిగా పోలేదు గాని, పరీక్షలయ్యాక చూద్దామంటున్నారు.

ఇన్నాళ్లూ పిల్లకు బలం లేదన్నాం. తీరా చూస్తే వెనక నాలుగు పళ్లు తక్కువ. మీ ఇంట్లో కూడా సైకిలు ఏ మూలనో దుమ్ముపట్టి ఉంటే, పిల్లను తప్పుపట్టేముందు ఆ పళ్లొకసారి లెక్కపెట్టి చూడండి.