సలాం ఒక పూచీ

(ముస్లిం కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

గౌరవనీయులైన పెద్దలారా, తల్లులారా, సోదర సోదరీమణులారా! అస్సలాము అలైకుమ్ వ రహ్మతుల్లాహి వ బరకాతుహు.

మేము సలాం చెప్పగానే మీరందరూ ఒక్క గొంతుతో జవాబిచ్చారు. ఈ సభకు వచ్చే దారిలోనూ, ద్వారం దగ్గరా మనం ఎందరికో సలాం చెప్పి ఉంటాము. ఫోను తీసినా, ఇంట్లో అడుగుపెట్టినా, నమాజు ముగించినా, చివరకు ఖబరస్తాన్‌లో పూర్వీకుల సమాధుల ముందు నిలబడినా మన నోట వచ్చేది ఈ మాటే. ఇంతగా అలవాటైన మాటకు అర్థం ఏమిటని పిల్లలు అడిగితే మనలో చాలామంది "నమస్కారం లాంటిదే" అని చెప్పి ఊరుకుంటారు. ఈ రోజు ఆ జవాబుతో సరిపెట్టుకోవద్దు. సలాం చెప్పినప్పుడు మనం ఎదుటివారికి ఏ మాట ఇస్తున్నామో, ఆ మాటను ఎంతవరకు నిలబెట్టుకుంటున్నామో కలిసి ఆలోచిద్దాము.

మాటలోని అర్థం

అరబీలో సలాం అంటే శాంతి అని మనకు తెలుసు. ఆ మాటలో క్షేమం, ఆపద నుండి రక్షణ, లోపం లేకపోవడం అనే అర్థాలు కూడా ఉన్నాయి. ఇస్లాం, ముస్లిం అనే పదాలు అదే ధాతువు నుండి వచ్చాయి. యూదుల హీబ్రూ భాషలోని షాలోమ్ దీనికి తోబుట్టువు. అన్నిటికంటే ముఖ్యంగా, అస్సలాం అనేది అల్లాహ్ శుభనామాలలో ఒకటి. దివ్యఖుర్ఆన్‌లోని హష్ర్ సూరా 23వ వాక్యంలో ఆ నామం ఉంది. కాబట్టి సలాం చెప్పేవాడు అల్లాహ్ పేరును నోట ఉచ్చరించి ఎదుటివారికి క్షేమం కోరుతున్నాడు.

పూర్తి సలాంలో మూడు భాగాలున్నాయి: శాంతి, అల్లాహ్ కారుణ్యం, ఆయన శుభాలు. ఒక్క వ్యక్తి ఎదురైనా మనం "అలైకుమ్" అని బహువచనమే వాడుతాము. ఆ మనిషితో ఉండే దైవదూతలను కూడా కలుపుకొని చెప్పే మాట అది అని ఉలమాలు వివరించారు. ఎదుటివాడు ఎంత పేదవాడైనా, ఎంత చిన్నవాడైనా అతనికి దక్కే గౌరవం బహువచనమే.

ఇది దుఆ మాత్రమే అనుకుంటే సగమే అర్థమైనట్లు. దైవప్రవక్త ముహమ్మద్ (స) ముస్లిం ఎవరో చెబుతూ, ఎవరి నాలుక నుండి, ఎవరి చేతి నుండి ఇతర ముస్లింలు సురక్షితంగా ఉంటారో అతడే ముస్లిం అన్నారు. సలాం చెప్పినప్పుడు మనం అదే పూచీ ఇస్తున్నాము. నా వల్ల నీ ప్రాణానికి, మానానికి, ఆస్తికి ముప్పు లేదు, నీ చాటున నీ గురించి చెడు మాట్లాడను అని మాట ఇస్తున్నాము. ముందు సలాం చెప్పి, మనిషి వీధి మలుపు తిరగగానే అతని పరువు తీసేవాడు మాట తప్పినవాడు.

మదీనాలో మొదటి మాట

ఇస్లాంకు పూర్వం అరబ్బులు ఉదయం శుభంగా సాగాలని ఒకరికొకరు చెప్పుకునేవారు. ఆ శుభాకాంక్ష ఆ పూటకే పరిమితం. దాని స్థానంలో సలాం వచ్చింది. ఇది పగటికీ రాత్రికీ, కలయికకూ వీడ్కోలుకూ, బ్రతికున్నవారికీ కన్నుమూసినవారికీ సరిపోయే మాట.

క్రీ.శ. 622లో దైవప్రవక్త (స) మక్కా నుండి వలస వచ్చి మదీనాలో అడుగుపెట్టారు. అప్పటికి ఆ పట్టణం అలసిపోయి ఉంది. ఔస్, ఖజ్‌రజ్ తెగలు తరతరాలుగా కొట్టుకున్నాయి. కొన్నేళ్ల ముందే బుఆస్ యుద్ధంలో ఇరువైపులా పెద్దలు ఎందరో హతమయ్యారు. ఆయనను చూడటానికి వచ్చిన జనంలో అబ్దుల్లాహ్ బిన్ సలాం (ర) అనే యూద పండితులు కూడా ఉన్నారు. ఆ ముఖం అబద్ధాలాడే ముఖం కాదని చూడగానే గ్రహించానని, ఆయన నోట తాను విన్న మొదటి మాటలు ఇవని ఆయన తరువాత చెప్పారు: సలాంను వ్యాపింపజేయండి, అన్నం పెట్టండి, బంధుత్వాలను కలుపుకోండి, జనం నిద్రిస్తున్న వేళ నమాజు చేయండి, శాంతితో స్వర్గంలో ప్రవేశించండి.

ఈ వరుసను గమనించండి. పగతో రగిలిన పట్టణానికి అందిన మొదటి ఆదేశం సలాం. దాని వెంటనే అన్నం. ఆకలితో ఉన్నవాడికి కేవలం మాటతో శాంతి చెప్పి పంపించడం ఆ బోధనలో లేదు. పొరుగువాడి పొయ్యి వెలగని రోజున మన సలాం సగమే చేరుతుంది.

ఎవరు ముందు చెప్పాలి?

సలాం మర్యాదలను హదీసులు వివరంగా చెప్పాయి. వాహనం మీద ఉన్నవాడు నడిచేవాడికి, నడిచేవాడు కూర్చున్నవాడికి, కొద్దిమంది ఎక్కువమందికి, చిన్నవాడు పెద్దవాడికి సలాం చెప్పాలి. వయసు విషయంలో పెద్దరికానికి గౌరవం ఉంది. కానీ వాహనం ఉందన్న హోదాకు ఇక్కడ పీట లేదు. పైన ఉన్నవాడే ముందు దిగిరావాలి. గుర్రం మీద ఉన్నవాడికి చెప్పిన ఆ నియమం ఈ రోజు కారులో ఉన్నవాడికీ వర్తిస్తుంది. వీధి చివర తోపుడు బండి దగ్గర నిలబడ్డ మనిషి తనకు సలాం చెప్పాలని కారులోని పెద్దమనిషి ఎదురుచూస్తే, అతడు ఈ సున్నత్‌ను తలకిందులు చేసినట్లే.

దైవప్రవక్త (స) ఆడుకుంటున్న పిల్లలకు తామే ముందుగా సలాం చెప్పేవారని హజ్రత్ అనస్ (ర) తెలిపారు. స్త్రీలు కూర్చున్నచోట నుండి వెళుతూ వారికి సలాం చెప్పారని హజ్రత్ అస్మా బిన్త్ యజీద్ (ర) తెలిపారు. ఇస్లాంలో ఏ ఆచరణ మేలైనదని ఒకరు అడిగితే, అన్నం పెట్టడం, తెలిసినవారికీ తెలియనివారికీ సలాం చెప్పడం అన్నారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (ర) కొనేదీ అమ్మేదీ ఏమీ లేకపోయినా, ఎదురైనవారికి సలాం చెప్పడానికే బజారుకు వెళ్లేవారు.

ముందుగా సలాం చెప్పడం సున్నత్, జవాబివ్వడం విధి. నిసా సూరా 86వ వాక్యం, మీకు ఎవరైనా అభివాదం చేస్తే అంతకంటే మేలైన రీతిలోనో, కనీసం అదే రీతిలోనో బదులివ్వమని ఆదేశించింది. "అస్సలాము అలైకుమ్" వరకు చెప్పినవారికి పది పుణ్యాలు, "రహ్మతుల్లాహ్" చేర్చితే ఇరవై, "బరకాతుహు" వరకు చెబితే ముప్పై అని హదీసు ఉంది. మన పిల్లలు ఇప్పుడు ఫోనులో మూడక్షరాలు నొక్కి సలాం ముగించేస్తున్నారు. పెద్దలమైన మనం కూడా "సామలేకుం" అని నమిలి మింగేస్తున్నాము. దుఆను ఇంత పొదుపుగా వాడవలసిన అవసరం మనకు ఏమి వచ్చింది?

మన గడ్డ మీద సలాం

తెలుగు భాష ఈ మాటను ఎలా తీసుకుందో చూడండి. "సలాం కొట్టడం" అంటే తెలుగులో అధికారం ముందు వంగడం. "వాడికి నేనెందుకు సలాం కొట్టాలి?" అని రోజూ వింటుంటాము. దర్బారుల్లో, దేవిడీల్లో, కచేరీల్లో కిందివాడు వంగి చేసినదే జనానికి సలాంగా కనిపించింది. చూసినదాన్ని బట్టి పేరు పెట్టిన జనాన్ని తప్పుపట్టలేము. ఇద్దరు మనుషులను సమానంగా నిలబెట్టవలసిన మాట ఒకరిని వంచే మాటగా వాడుకలోకి వచ్చిందంటే, దానిలో మన పూర్వీకుల పాలు కూడా ఉంది.

మరి మనం మారామా? మన మొహల్లాల్లో, మస్జిద్ వరండాల్లో ఒక్కసారి పరికించి చూద్దాము. కమిటీ పెద్ద వస్తే పది చేతులు లేస్తాయి. వుజూఖానా కడిగే మనిషి ఎదురైతే ఎన్ని పెదవులు కదులుతాయి? దూదేకుల, నూర్‌బాషా కుటుంబాలవారు తరతరాలుగా తెలుగే మాతృభాషగా బ్రతుకుతున్నారు. ఉర్దూ రాదని, సలాం ఉచ్చారణ కుదరలేదని వారిని చూసి ముసిముసిగా నవ్వినవారు మనలో లేరా? అరబీ అక్షరం సరిగా పలకనివాడి సలాం అల్లాహ్ దగ్గర తిరస్కరణకు గురి కాకపోవచ్చు. దానిని విని నవ్వినవాడి సంగతేమిటో అతడే ఆలోచించుకోవాలి. జమాఅత్ వేరు, మస్లక్ వేరు అని ముఖం తిప్పుకొని సలాంకు జవాబివ్వనివారు కూడా ఉన్నారు. హక్కుల కోసం అందరం ఒక్కటి కావాలని వేదికలపై చెప్పుకుంటాము. ఒకరి సలాంకు ఒకరు జవాబివ్వని జనం ఒక్క వినతిపత్రం మీద సంతకాలు ఎలా పెడతారు?

మాకు తెలిసిన ఒక ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు పొలం గట్టు విషయంలో తగవుపడి పదకొండేళ్లు మాట్లాడుకోలేదు. ఒకే మస్జిద్‌లో, ఒక్కోసారి ఒకే వరుసలో నమాజు చేసేవారు. నమాజు చివర కుడివైపు, ఎడమవైపు తిరిగి సలాం చెప్పేవారు. అంటే తమ్ముడు అన్న వైపు ముఖం తిప్పి రోజూ సలాం చెబుతూనే ఉన్నాడు, లేచి నిలబడ్డాక మాత్రం పలకరింపు లేదు. తల్లి జనాజా రోజున పెద్దాయనే ముందుగా సలాం చెప్పాడు. తమ్ముడు జవాబు చెప్పలేక అన్న భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. గట్టు ఇప్పటికీ అక్కడే ఉంది. తల్లి మాత్రం ఆ కలయిక చూడలేదు. ఒక ముస్లిం తన సోదరునితో మూడు రోజులకు మించి మాటలు మానరాదని, ఆ ఇద్దరిలో ముందుగా సలాం చెప్పినవాడే మేలైనవాడని దైవప్రవక్త (స) చెప్పారు. మూడు రోజుల గడువును మనం పదకొండేళ్లు చేసుకుంటున్నాము.

వీధిలో సలాం

ఇక మరో వైపు చూద్దాము. నగరంలో అద్దె ఇల్లు వెతుక్కుంటున్న ఒక యువ దంపతుల అనుభవం ఇది. ఇల్లు నచ్చింది, అద్దె కుదిరింది, అడ్వాన్సు చేతిలో ఉంది. అంతలో ఆ అబ్బాయికి తల్లి ఫోను చేసింది. అతడు అలవాటుగా సలాం చెప్పాడు. యజమాని ముఖం మారింది. మా బంధువులు వస్తున్నారు, ఇల్లు ఇవ్వలేము అన్నాడు. శాంతి కోరిన మాటే ఆ బిడ్డకు తలుపు మూసింది. అప్పటి నుండి బయట ఉన్నప్పుడు తల్లి ఫోను చేస్తే అతడు "హలో" అంటున్నాడు. రైళ్లలో, కార్యాలయాల్లో, కళాశాలల్లో మన పిల్లలు ఎందరో గొంతు తగ్గించి సలాం చెబుతున్నారు.

జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ 2006లో ఇచ్చిన నివేదిక, మన గుర్తింపు చిహ్నాలే మనపై అనుమానానికి కారణమవుతున్న తీరును నమోదు చేసింది. రాజ్యాంగం 25వ అధికరణం మత స్వేచ్ఛను, 29వ అధికరణం తమ భాషను, లిపిని, సంస్కృతిని కాపాడుకునే హక్కును ఇచ్చాయి. తల్లికి సలాం చెప్పడానికి గొంతు తగ్గించవలసిన అవసరం ఈ దేశంలో ఏ పౌరునికీ లేదు.

అనుమానం గురించి దివ్యఖుర్ఆన్ మొదట మనల్నే హెచ్చరించింది. ఒక దండయాత్రలో ఎదురైన మనిషి సలాం చెప్పాడు. ప్రాణభయంతో చెప్పాడని అనుమానించి అతణ్ణి చంపేశారు. అప్పుడే నిసా సూరా 94వ వాక్యం అవతరించింది. సలాం చెప్పినవాడిని నువ్వు విశ్వాసివి కావు అనవద్దని, ముందు విచారించి తెలుసుకోమని అది ఆదేశించింది. యుద్ధరంగంలోనే సలాం చెప్పినవాడిని అనుమానించరాదన్నప్పుడు, మనలో మనం ఒకరి ఈమాన్‌ను మరొకరు కొలవడం ఎంత ఘోరం!

పొరుగున ఉన్న ముస్లిమేతర సోదరులతో ఎలా మెలగాలి? సలాం పదాల విషయంలో ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. కానీ ముస్లింలు, బహుదైవారాధకులు, యూదులు కలిసి కూర్చున్న సభ పక్కగా వెళుతూ దైవప్రవక్త (స) సలాం చెప్పారని హజ్రత్ ఉసామా (ర) తెలిపారు. పొరుగువారు "సలాం భాయ్" అని ప్రేమతో పలకరిస్తే మూతి ముడుచుకోకుండా మంచి జవాబివ్వడమే మన మర్యాద. ఈ మాటకు "మీకు శాంతి కలుగుగాక" అని అర్థమని వారికి తేట తెలుగులో చెప్పాలి. వందల ఏళ్లుగా పక్కపక్కనే ఉంటూ ఈ ఒక్క వాక్యం వారికి చెప్పకపోవడం మన లోపమే.

ఫుర్ఖాన్ సూరా 63వ వాక్యం కరుణామయుని దాసులను వర్ణిస్తూ, మూర్ఖులు ఎదురుపడి మాట్లాడితే వారు సలాం అంటారని చెప్పింది. దీనిని అన్యాయాన్ని సహించమనే ఆదేశంగా పొరబడవద్దు. తిట్టుకు తిట్టు బదులు చెప్పని మనిషి ఫిర్యాదు రాయవచ్చు, న్యాయస్థానానికి వెళ్లవచ్చు, సమాచార హక్కు దరఖాస్తు పెట్టవచ్చు, ఓటు వేయవచ్చు. నాలుకపై శాంతి ఉన్నవాడి చేతిలోని కాగితానికి బరువెక్కువ.

ఈ రోజు నుండి

సోదరులారా! ఇంటికి వెళ్లగానే మొదటి సలాం భార్యాపిల్లలకు చెప్పండి. బయట వందమందికి సలాం చెప్పి, ఇంట్లోకి ముఖం మాడ్చుకొని వెళ్లేవారు మనలో తక్కువేమీ లేరు. తల్లులారా! పిల్లలకు సలాం నేర్పేటప్పుడు అర్థాన్ని తెలుగులో చెప్పండి, ఇంట్లో పనిచేసే మనిషికి మీరే ముందుగా సలాం చెప్పి చూపండి. యువకులారా! బయట ఉన్నా, పదిమందిలో ఉన్నా తల్లి ఫోను చేస్తే తలెత్తుకొని సలాం చెప్పండి. మాటలు మానేసిన బంధువు ఎవరైనా ఉంటే, ఈ సభ నుండి ఇంటికి వెళ్లేలోగా ఒక్క ఫోను చేయండి. అటువైపు నుండి జవాబు రాకపోయినా మీ బాధ్యత తీరుతుంది.

మన నోటితో చెప్పే శాంతిని మన చేతులతో నిలబెట్టే శక్తిని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్. వస్సలాము అలైకుమ్ వ రహ్మతుల్లాహి వ బరకాతుహు.